వేణువు నూదిన బొమ్మ

1738వ సంవత్సరము ఫిబ్రవరి నెల. ఫ్రాన్సు దేశపు రాజధానియగు పారిస్ నగరములో లాంగ్‌విల్ భవనమను పెద్ద యింటికి ప్రతిదినము జనులు వచ్చి పోవుచుండిరి. లోనికి పోవుటకు మూడు లీవ్రుల రుసుము చెల్లింపవలెను. అది ఆనాటి కూలివానికి కొన్ని దినముల సంపాదన. అయినను చూడవచ్చువారికి కొదువలేదు. లోపల నాలుగున్నర అడుగుల యెత్తుగల చదరపు పీఠము, పీఠముపై ఒక బండ, ఆ బండపై కూర్చున్న మనుష్యుని బొమ్మ. బొమ్మ కొయ్యతో చేసినది. తెల్లని రంగు పూయుటచే అది చలువరాతి విగ్రహమువలె కనబడుచుండెను. దాని చేతులలో అడ్డముగా పట్టిన వేణువు కలదు. చూపరులు నిశ్శబ్దముగా నిలిచియుండగా బొమ్మ పెదవులు కదలెను; వ్రేళ్లు రంధ్రములపై లేచి పడెను; వేణువు పలికెను.

మొదట పలువురు నమ్మలేదు. బొమ్మ వట్టి అలంకారమనియు, లోపల నెచ్చటనో చిన్న వాద్యము దాచిపెట్టి దానిని మ్రోగించుచున్నారనియు వారు తలచిరి. అట్టి సందేహము సహజమే. అంతకుముందు ఐరోపాలో తయారైన పాటల బొమ్మలన్నియు అట్టివే. కాని దగ్గరకు పోయి పరీక్షించినవారికి బొమ్మ పెదవుల నడుమనుండి గాలి వెలువడుట తెలిసినది. వ్రేళ్లు మూసిన రంధ్రములే మూతపడుచుండెను, తెరచిన రంధ్రములనుండియే స్వరము మారుచుండెను. లోపలి యంత్రమునుగూడ వారికి చూపించిరి. బొమ్మ పండ్రెండు పాటలను ఒకదానివెంట నొకటి వాయించెను.

దీనిని నిర్మించినవాడు ఇరువదితొమ్మిది సంవత్సరములు నిండుచున్న యువకుడు. పేరు జాక్ వోకాన్సన్.

వోకాన్సన్ 1709వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన ఆల్ప్సు పర్వతముల చెంతనున్న గ్రెనోబుల్ పట్టణమున జన్మించెను. తండ్రి తోలుతో చేతితొడుగులు కుట్టి జీవించు పనివాడు. ఆ పట్టణము చేతితొడుగులకు ప్రసిద్ధమైనది. ఇంటిలో పదిమంది పిల్లలు, జాక్ పదవవాడు. కలిమి లేని కుటుంబము. తల్లి మిక్కిలి దైవభక్తి కలది. ఆమె గురువుల యొద్దకు పోవునప్పుడెల్ల పిల్లవానిని వెంట తీసికొని పోయెడిది. పెద్దలు మాటలాడుకొనుచున్నంతసేపు పిల్లవాడు ప్రక్కగదిలో ఒంటరిగా కూర్చుండవలెను. ఆ గదిలో ఒక గోడగడియారము తప్ప వేరేమియు లేదట. పిల్లవాడు దానివంకనే చూచుచు, పెట్టె పగుళ్ల సందునుండి కనబడిన చక్రములను గుర్తుంచుకొని, ఒక చక్రము వేరొకదాని నెట్లు త్రిప్పుచున్నదో, లోలకము చక్రమును ఎట్లు ఆపి విడుచుచున్నదో క్రమముగా ఊహించెనని చెప్పుదురు. తరువాత కత్తి, కొయ్యముక్కలు తప్ప వేరు పరికరములు లేకయే ఒక కొయ్యగడియారము చేసెననియు, అది కాలమును ఇంచుమించు సరిగానే చూపెననియు ప్రతీతి. గొప్పవారి బాల్యమునుగూర్చి ఇట్టి కథలు తరుచుగా పుట్టుచుండును. ఈ కథలో ఎంత నిజమున్నను, చూచి నేర్చుకొనుట యను గుణము మాత్రము అతనిని కడవరకు విడువలేదు.

చదువు ముగించిన పిమ్మట అతడు లియాన్ నగరమున మినిమ్ అను సన్న్యాసుల మఠమున చేరెను. పేదయింటి తెలివిగల పిల్లలకు ఆ కాలమున మఠమే చదువునకు, కూటికి దారి. అచ్చట అతనికి చిన్న పనిగది దొరకినది; ఒక ధనవంతుడు కొంత ధనసహాయముకూడ చేసెను. 1727లో మఠము పెద్దలలో ఒకరు లియాన్ నగరమునకు రానుండిరి. వారిని సంతోషపెట్టవలెనని ఆ పదునెనిమిదేండ్ల యువకుడు భోజనపు బల్లవద్ద వడ్డన చేయు యంత్రపు బొమ్మలను తయారుచేసెను. వచ్చినవారు ముందు మెచ్చుకొనిరి. వారిలో ఒకరు మాత్రము ఇది దైవభక్తికి తగని పనియని యెంచి, పనిగదిని ధ్వంసము చేయుమని ఆజ్ఞాపించెను. ఆ తరువాత వోకాన్సన్ మఠమును విడిచిపెట్టెను.

1728లో పారిస్ చేరి అతడు శరీరశాస్త్రము చదువ మొదలిడెను. యంత్రములు చేయువానికి వైద్యవిద్య ఏల? గడియారము లోపలి చక్రములను ఎరుగదలచినట్లే మనుష్యుని లోపలి పనితీరునుకూడ అతడు ఎరుగదలచెను. గుండె యెట్లు కొట్టుకొనుచున్నది, రొమ్ము ఎట్లు పొంగుచున్నది అను విషయములను యంత్రములద్వారా కన్నులకు కట్టినట్లు చూపవలెనని అతని కోరిక. ఈ ప్రయత్నములలో అప్పులు పెరిగెనేగాని ఫలితము చేతికి రాలేదు.

పారిస్‌లో తుయిలరీ ఉద్యానవనమను రాజోద్యానము కలదు. అందు క్వాజ్వో అను శిల్పి చెక్కిన వేణుధారి విగ్రహము ఒకటి యుండెను. ఒకనాడు వోకాన్సన్ దానియెదుట నిలిచి, దీనిచే వేణువు నూదింపవలెనని తలచెనట. ఈ మాట విని అతని దగ్గర బంధువొకడు ఇది పిచ్చియని కోపించి మందలించెను. ఆలోచన అప్పటికి ఆగినది. కొన్నియేండ్లకు వోకాన్సన్ జబ్బుపడి చాలకాలము మంచము పట్టెను. లేచి తిరుగలేని ఆ దినములలోనే అతడు బొమ్మ భాగముల నన్నింటిని మనస్సులో కూర్చుకొని, కాగితముపై గీచి, వేరువేరు పనివారికి వేరువేరు ముక్కలను పురమాయించెను. ఏ ముక్క దేనికో వారికి తెలియదు. అన్నియు వచ్చిన పిమ్మట కూర్చి చూడగా బొమ్మ పలికినది. చాటుననుండి వినిన సేవకుడు పరుగెత్తుకొనివచ్చి యజమాని పాదములపై బడెనని చెప్పుదురు.

ఈ కథ వినుటకు ఇంపుగా నున్నది. కాని బొమ్మ చేయుట ఇంత సులభముగా జరిగెనని తలపరాదు.

పాటలు పలుకు యంత్రములు అప్పటికే ఐరోపాలో పెక్కు కలవు. నేటి బెల్జియము ప్రాంతపు నగరములలో ఎత్తైన గోపురములపై గంటల వరుసలు కట్టి, వానిని యంత్రముచే మ్రోగించుచుండిరి. అందులో డోలువంటి పెద్ద దిమ్మ యుండును. దానిపై చిన్న చిన్న మేకులు బిగించి యుందురు. దిమ్మ మెల్లగా తిరుగుచుండగా ఒక్కొక్క మేకు ఒక్కొక్క మీటను తాకును. మీట తీగను లాగును. తీగ గంటను కొట్టును. ఏ మేకు ఎచ్చట నుండవలెనో నిర్ణయించుటయే పాటను వ్రాయుట. మేకులను పీకి వేరుచోట్ల బిగించినచో పాట మారిపోవును. ఇదే పద్ధతితో చేసిన చిన్న పెట్టెలును ఉండెను. ఫ్రాన్సు దేశపు స్త్రీలు పంజరములలోని పిట్టలకు పాట నేర్పుటకు అట్టి పెట్టెను ఒడిలో నుంచుకొని పిడి త్రిప్పుచుండెడివారు. మేకు మేకును చేతితో కొలిచి, చేతితో కొట్టి, చెవితో సరిచూచి తయారుచేసిన ఆ పెట్టెలలో ఏ రెండును ఒకే తీరున పలుకవు. ప్రతిదానికి చేసినవాని చేతివాటము అంటియుండును. వాని సొగసంతయు అందే కలదు.

వోకాన్సన్ ఈ పద్ధతిని విడువలేదు. అతని బొమ్మలోను మేకుల దిమ్మయే కలదు. కాని గంట వేరు, వేణువు వేరు. గంటను ఎవరు కొట్టినను మ్రోగును. వేణువు అట్లు కాదు. తిరునాళ్లలో పిల్లనగ్రోవి కొనుక్కొని ఇంటికి వచ్చి ఊదిచూచిన పిల్లలందరికి ఈ సంగతి తెలియును. అమ్మువాని నోట తీయగా పలికిన గొట్టమే మన నోట బుస్సుమనును. వేణువులో నాదస్వరమునకువలె పీక లేదు. పెదవుల సందునుండి వెడలిన సన్నని గాలి రంధ్రపుటంచును తాకి చీలినప్పుడే నాదము పుట్టును. పెదవులు ఎంత తెరువవలెను, అంచునకు ఎంత దూరమున నుండవలెను, గాలి ఎంత వేగముగా పోవలెను అను మూడును కుదురవలెను. ఇంకొక చిక్కు ఏమనగా, వ్రేళ్లు కదలకయే, గాలి వేగము పెంచినమాత్రమున స్వరము పై స్థాయికి ఎగయును. కావున వ్రేళ్లను కదలించినంతమాత్రమున చాలదు. పెదవులును ఊపిరియు వ్రేళ్లతోపాటు పాటను ఎరిగియుండవలెను.

వేణువు వాయించువారికి ఈ విషయము చేతకు వచ్చునుగాని మాటకు రాదు. నీవెట్లు ఊదుచున్నావని అడిగిన ఏ విద్వాంసుడును కొలతలు చెప్పలేడు. వోకాన్సన్ ఆ కొలతలనే వెదకెను. ఒక్కొక్క స్వరమునకు పెదవుల సందు ఎంత, గాలి బలము ఎంత అని విడివిడిగా పరిశీలించెను. ఇట్లు పరిశీలించిన పిమ్మటనే యంత్రమును కూర్చెను.

పీఠములోపల తొమ్మిది తిత్తులు కలవు. కమ్మరి కొలిమితిత్తివంటివే యైనను మిక్కిలి నేర్పుతో చేసినవి. మూడింటిపై నాలుగేసి పౌనుల బరువును, మూడింటిపై రెండేసి పౌనుల బరువును ఉంచబడెను. తక్కిన మూడింటిపై వేరు బరువు లేదు. వాని పలక బరువే చాలును. దీనిచే బలమైన గాలి, నడితరపు గాలి, మెల్లని గాలి యని మూడు విధముల ఊపిరి సిద్ధముగా నుండెను. మూడు గొట్టములు ఆ గాలిని బొమ్మ రొమ్ములోని మూడు అరలకు చేర్చును. అచ్చటనుండి మూడును కలసి గొంతు ద్వారమున నోటికి వచ్చును. నోటిలో గాలిని ఆపుటకు, విడుచుటకు ఒక చిన్న లోహపు నాలుక కలదు. పెదవులు తెరచుకొనగలవు, మూసికొనగలవు, ముందునకు జరుగగలవు, వెనుకకు పోగలవు. ఈ పనులన్నింటికి పదునైదు మీటలు అమర్చబడెను: వ్రేళ్లకు ఏడు, గాలి అరలకు మూడు, పెదవులకు నాలుగు, నాలుకకు ఒకటి. ఈ పదునైదు మీటలను మేకుల దిమ్మయే నడపును. దిమ్మను, తిత్తులను గడియారపు బరువులు నడపును.

ఇందు రెండు చిన్న విషయములను గమనింపవలెను. కొయ్యవ్రేలు రంధ్రముపై బడిన గాలి సందులనుండి జారిపోవును. మన వ్రేలికొనయందలి మెత్తని కండ దానిని సరిగా మూయును. అందుచే వోకాన్సన్ బొమ్మ వ్రేళ్ల చివరలకు తోలు తొడిగెను. చేతితొడుగులు కుట్టువాని కుమారునికి తోలు క్రొత్త వస్తువు కాదుగదా! ఇక తిత్తులకుండు కవాటములు గాలి పోవునప్పుడు టపటప చప్పుడు చేయును. ఆ చప్పుడు వినబడెనా, బొమ్మ యంత్రమని చూపరికి గుర్తుకు వచ్చును. కావున ఆ చప్పుడు రాకుండ అతడు వేరొక ఏర్పాటు చేసెను. పాట వినువారికి పాట తప్ప వేరేమియు వినబడరాదని అతని పట్టుదల.

అదే సంవత్సరము అతడు ఈ యంత్ర వివరమును వ్రాసి ఫ్రాన్సు రాజకీయ విజ్ఞాన పరిషత్తునకు సమర్పించెను. ఆ పండితులు బొమ్మను పరీక్షించి ఆమోదించిరి. దానికి కార్యదర్శియైన ఫాంటెనెల్ సంతకము చేసెను. తన రహస్యమును దాచుకొనక అచ్చువేయించుట వోకాన్సన్ గుణములలో మెచ్చదగినది.

మరుసటి సంవత్సరము ఇంకను రెండు బొమ్మలు వెలువడెను. ఒకటి ప్రోవాన్సు సీమ గొల్లవాని బొమ్మ. అది ఒకచేత మూడు రంధ్రముల చిన్న పిల్లనగ్రోవిని పట్టి ఊదుచు, రెండవచేత డోలు వాయించును. దీనిని చూచువారు తక్కువ పనియని తలతురుగాని, వోకాన్సన్‌కు ఇదియే మొదటిదానికంటె కష్టమైనది. రంధ్రములు మూడే గనుక తక్కిన స్వరములన్నియు ఊపిరి బలముచేతనే పుట్టవలెను. అతడు కొలిచి చూడగా క్రింది స్వరమునకు ఒక ఔన్సు బలము చాలియుండగా, మిక్కిలి పై స్వరమునకు ఏబదియారు పౌనుల బలము కావలసివచ్చెను. అంతేకాదు, ఒకే స్వరమునకు, దాని ముందు వచ్చిన స్వరమును బట్టి, గాలి వేరువేరుగా నుండవలెనని తేలినది. ఆ చిన్న గొట్టమును ఊదు పల్లెటూరి గొల్లడు తన రొమ్ముతో ఎంత బరువు మోయుచున్నాడో అంతవరకు ఎవరును ఎరుగరు. వానికిని తెలియదు. యంత్రమును చేయబోయి వోకాన్సన్ మనుష్యుని శ్రమను తూచెను. ఈ బొమ్మ ఇరువది పాటలు వాయించెను.

రెండవది బాతు. బంగారుపూత పూసిన రాగితో చేసినది. ఒక్కొక్క రెక్కలో నాలుగువందలకు మించిన భాగములు కలవు. అది రెక్కలు విదిల్చును, నీరు త్రాగును, గింజలు తినును, తిన్నదానిని అరిగించుకొని విసర్జించినట్లు కనబడును. జనులు వేణుధారికంటె బాతునకే ఎక్కువ ముచ్చటపడిరి. ఊరూర దాని పేరే మారుమ్రోగెను. నిజమునకు అది అరిగించుకొనుట లేదు. విసర్జించు పదార్థము ముందే వేరొక అరలో పెట్టబడియుండెను. ఈ మోసము తరువాతి కాలమున బయటపడినది. వేణువు విషయమున ఇసుమంత మాయకును చోటీయని వాడు బాతు విషయమున ఏల ఇట్లు చేసెనో విచారకరము. రుసుము చెల్లించి వచ్చు జనసమూహమును తృప్తిపరుపవలెనను ఆశ గొప్పవారినికూడ ఒక్కొక్కప్పుడు లొంగదీయును.

వోకాన్సన్ కీర్తి సరిహద్దులు దాటెను. 1740లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ అతనిని తన కొలువునకు పిలిచెను. అతడు పోలేదు. మరుసటి సంవత్సరము ఫ్రాన్సు రాజు పదునైదవ లూయీకి ప్రధానమంత్రియైన ఫ్లూరీ అతనిని దేశములోని పట్టుపరిశ్రమపై తనిఖీ అధికారిగా నియమించెను. 1743లో వోకాన్సన్ తన మూడు బొమ్మలను లియాన్ వ్యాపారులకు అమ్మివేసెను. మరల పాటల బొమ్మను చేయలేదు.

పాటల బొమ్మలు చేయువానికి పట్టుమగ్గములతో పనియేమని అడుగవచ్చును. సంబంధము కలదు. పువ్వులు, లతలు గల పట్టుబట్ట నేయునప్పుడు, పేకదారము పోవు ప్రతిసారియు పడుగుదారములలో కొన్నింటిని మాత్రమే పైకి లేపవలెను. ఏ దారములు లేవవలెనో వరుస వరుసకు మారుచుండును. లియాన్ మగ్గములపై ఈ పనికి నేతవాని ప్రక్కన ఇంకొక మనిషి, తరుచుగా చిన్నపిల్ల, నిలిచి త్రాళ్ల కట్టలను లాగవలెను. దినమంతయు వంగి, బరువులు లాగి ఆ పిల్లల నడుములు వంకరపోయెడివి. ఇప్పుడు ఆలోచింపుడు: ఏ క్షణమున ఏ వ్రేలు లేవవలెనో దిమ్మపై మేకులు బొమ్మకు చెప్పుచున్నవి. అట్లే ఏ వరుసలో ఏ దారము లేవవలెనో మగ్గమునకు ఏల చెప్పరాదు?

ఈ ఆలోచన అతనికి ముందే కొందరికి తట్టినది. 1725లో లియాన్ నివాసి బూషోన్ అనునతడు రంధ్రములు పొడిచిన కాగితపు చుట్టను మగ్గమునకు తగిలించెను. అతని తండ్రి ఆర్గను వాద్యములు చేయువాడని చెప్పుదురు. అటుపిమ్మట ఫాల్కన్ అనునతడు కాగితపు చుట్టకు బదులు ఒకదానికొకటి కుట్టిన అట్టలను వాడెను. అయినను ఈ మగ్గములకు ప్రక్కన నిలుచు మనిషి తప్పలేదు. వోకాన్సన్ 1745 ప్రాంతమున నిర్మించిన మగ్గములో యంత్రభాగమంతయు మగ్గము నెత్తిపైకి పోయెను. అచ్చట రంధ్రములు పొడిచిన పట్టీని చుట్టిన దిమ్మ ఒకటి వరుసకు ఒక మెట్టు చొప్పున తిరుగుచుండును. రంధ్రమెదుట పడిన సూది యొక విధముగాను, రంధ్రము లేనిచోట పడిన సూది మరియొక విధముగాను కదలి దారములను ఎన్నుకొనును. ప్రక్కన నిలిచి లాగు పిల్ల అక్కరలేదు.

ఈ మగ్గము పూర్తికాకముందే లియాన్‌లో పెద్ద కలత పుట్టెను. 1744లో పట్టుపరిశ్రమకు క్రొత్త నిబంధనలు ప్రకటింపబడెను. వానిని తయారుచేయుటలో వోకాన్సన్‌కు ముఖ్యమైన పాత్ర కలదు. అవి పెద్ద వర్తకులకు లాభముగాను, సొంత మగ్గము పెట్టుకొని బ్రతుకు చిన్న నేతగాండ్రకు నష్టముగాను ఉండెను. యంత్రములు వచ్చి తమ నోటికూడు తీయునను భయముకూడ వారికి కలదు. వేలకొలది నేతపనివారు వీథులలోనికి వచ్చిరి. వోకాన్సన్‌పై రాళ్లు విసరిరి. ఒకప్పుడు మఠమును విడిచిపోయిన అతడు అదే మఠపు సన్న్యాసి వేషము ధరించి రాత్రివేళ నగరమునుండి తప్పించుకొని పోవలసివచ్చెను. నిబంధనలు ఆ సమయమునకు రద్దుచేయబడెను. కాని మరుసటి సంవత్సరము సైన్యము వచ్చి పనివారిని అణచివేసెను; నాయకులకు కఠిన శిక్షలు పడెను.

రాళ్లు తగిలిన కోపముతో వోకాన్సన్ గాడిదచే నడుపబడు మగ్గము నొకదానిని చేసి, పూలబట్ట నేయుటకు గాడిద చాలునని చూపెనని ఒక కథ కలదు. నిజమైనచో అది అతనికి తగిన పని కాదు. గొల్లవాని ఊపిరి బలమును ఔన్సులలో తూచి ఆశ్చర్యపడినవాడు నేతవాని నేర్పును గాడిదతో పోల్చుట యెట్లు? త్రాళ్లు లాగు పిల్లల నడుములు నిలిచిన అది మంచిదే. కాని ఆ పిల్ల తెచ్చు కూలి ఆగినచో ఆ యింట ఏమి తిందురని నేతవాడు అడిగిన ప్రశ్నకు అధికారిగా నున్న వోకాన్సన్ సమాధానము చెప్పలేదు.

1746లో విజ్ఞాన పరిషత్తు అతనిని సభ్యునిగా చేర్చుకొనెను. తరువాతి ముప్పదియేండ్లు యంత్రములతోనే గడచెను. పట్టుకాయలనుండి దారము తీయుటకు, దారమును పేనుటకు అతడు మరలు కల్పించి కర్మాగారములు నెలకొల్పెను. ఒకే కొలతగల గొలుసు కడియములను తయారుచేయు యంత్రమును కల్పించెను. లోహమును ఖచ్చితముగా చెక్కుటకు బలమైన ఇనుపచట్రముగల తరిమెనను చేసెను. అది నేటికిని పారిస్‌లో భద్రముగా కలదు. రక్తము శరీరమున ప్రవహించు విధమును రబ్బరు గొట్టములతో చూపు బొమ్మను చేయవలెనని వయస్సు మళ్లినవరకు తలచుచునే యుండెను. అది నెరవేరలేదు.

1782వ సంవత్సరము నవంబరు 21వ తేదీన వోకాన్సన్ పారిస్‌లో మరణించెను. తన పనిశాలలోని యంత్రములన్నింటిని అతడు రాజునకు వ్రాసియిచ్చెను. పిమ్మట ఫ్రాన్సులో విప్లవము వచ్చెను, రాజరికము పోయెను. 1794లో విప్లవ ప్రభుత్వము చేతిపనుల, యంత్రవిద్యల శిక్షణకై పారిస్‌లో ఒక సంస్థను స్థాపించినప్పుడు ఈ యంత్రములు అచ్చటికి చేరెను. మగ్గము మాత్రము ముక్కలు ముక్కలై పడియుండెను. ఖర్చు ఎక్కువ, పని చిక్కు. దానిని ఎవరును వాడుకలోనికి తేలేదు.

పందొమ్మిదవ శతాబ్దారంభమున లియాన్ నేతగాని కుమారుడొకడు ఆ సంస్థకు వచ్చెను. అతడు జోసెఫ్ మారీ జకార్డు. అతడు ఆ ముక్కలను చూచి, కూర్చి, పనితీరును గ్రహించెను. వోకాన్సన్ దిమ్మకు బదులు ఫాల్కన్ అట్టలను తగిలించి, 1804లో క్రొత్త మగ్గమును సిద్ధపరచెను. దిమ్మ చుట్టుకొలత ఎంతయో అంతవరకే పువ్వు వ్రాయగల చిక్కు దీనితో తొలగినది. అట్టలను ఎన్ని కావలెనన్నను కుట్టవచ్చును. లియాన్ నేతగాండ్రు జకార్డునుకూడ మొదట ద్వేషించిరి. కాని ఆ పరికరము లోకమంతట వ్యాపించెను. ధర్మవరము పట్టుచీరల మగ్గములపై వ్రేలాడు రంధ్రపు అట్టల వరుసను చూచినవారు దానిని చూచినట్లే. అంచు పువ్వునకు ఏ పడుగుదారము లేవవలెనో ఆ రంధ్రములు మగ్గమునకు చెప్పుచుండును. నేతగాండ్రు దానిని ఈనాటికిని జకార్డు అనియే పిలుతురు. వోకాన్సన్ పేరు అచ్చట వినబడదు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ అను గణితవేత్త ఈ అట్టలనే చూచి, లెక్కలు చేయు యంత్రమునకు వానిద్వారా ఆజ్ఞ లీయవచ్చునని తలచెను. ఇరువదవ శతాబ్దపు తొలి కంప్యూటరులుకూడ చాలకాలము రంధ్రపు అట్టలనే చదివెను.

ఇక బొమ్మలమాట. లియాన్ వ్యాపారులు వానిని దేశదేశములు త్రిప్పి ప్రదర్శించిరి. చేతులు మారి మారి అవి జర్మనీ చేరెను. హెల్మ్‌స్టెట్ పట్టణమున బైరైస్ అను వైద్యుడు వానిని కొని తన యింట నుంచుకొనెను. 1805లో మహాకవి గేటే ఆ యింటికి పోయి వానిని చూచెను. బాతు ఈకలు ఊడి అస్థిపంజరమువలె నుండెను. గింజలు తినుచుండెనుగాని అరిగించుకొనుట లేదు. వేణుధారి తన చోటనే యుండెను. వేణువుమాత్రము పలుకలేదు.